పతకం ఫ్లెక్సీ

వన్ టౌన్‌లో ఆ సందు మొగలో కట్టిన ఫ్లెక్సీ చూసేసరికి వాసుకి ప్రాణం లేచొచ్చింది.

ముప్పై ఏళ్ళు మంటల్లో దూకినందుకు ఫైర్‌మన్ యోహాన్‌ గారికి జాతీయ సుదీర్ఘ సేవా పతకం! శుక్రవారం ఉదయం పరేడ్ గ్రౌండ్‌లో ప్రదానం. ‘సకుటుంబంగా, ఇరుగుపొరుగులతో తరలివెళ్తున్న యోహాన్ గారికి శుభాకాంక్షలు’ అని, కింద ఇంటి నంబరుతో సహా అచ్చేయించారు సందులో కుర్రాళ్ళు. దొంగకి అంతకన్నా శుభలేఖ ఏముంటుంది?

శుక్రవారం వాసు భీమిలి బస్సు దిగాడు. ఎందుకైనా మంచిదని, ఆటో నడిపిన రోజుల నాటి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. సంచిలో చిన్న గునపం. సందులో నరపురుగు లేదు. పెరటి తలుపు తోస్తే గడియే పడి లేదు. ‘ఫైరోళ్ళకి నిప్పంటేనే భయం గానీ దొంగంటే లేనట్టుంది’ అని నవ్వుకుంటూ లోపల అడుగుపెట్టి, బిగుసుకుపోయాడు.

బీరువా ముందు ఒక నడివయసు ఆవిడ. చేతిలో కూరలు కోసే చాకు.

“ఎవుడ్రా నువ్వు? అరిసేత్తాను!”

అబద్ధాల కోసం వెతుక్కునే రకం కాదు వాసు. “అరవకక్కా! నాను ఫైర్ టేసన్ నుంచొచ్చేను. సారుకీ అమ్మగారికీ జంటగా ఫొటో తీత్తారంట. అమ్మగారి నగలు బీరువాలో మర్సిపోనారంట. యోహాన్ సారు తెమ్మన్నారు.”

“తాళం ఇచ్చేడా మా తమ్ముడు?” ఆవిడ చాకు దించలేదు.

“ఆ హడావిడిలో అదీ మర్సిపోనారక్కా.”

“నమ్మీడానికి నానేటి ఎర్రిదాన్లా కనబడతన్నానా? తలుపులు ఇరగ్గొట్టడం ఫైరోళ్ళకి రోజూ పనే కదేటి? నువ్వు ఫైరోడివైతే ఇది తియ్యి సూద్దాం. తియ్యనేకపోతే ఈదంతా పిలుత్తాను.”

పదో తరగతి కూడా గట్టెక్కని వాసుకి ఇంత తేలికైన పరీక్ష ఎన్నడూ తగల్లేదు. గునపం బీరువా తలుపు సందులో దూర్చి ఒక్క గుంజు గుంజాడు. తలుపు టపీమని ఊడొచ్చింది.

“అబ్బో! ఫైరోడివే నాయినా!” అని ఆవిడ వాసు బుగ్గలు పుణికింది. వాడు చెయ్యి చాపేలోపే నగల మూట చంకలో పెట్టేసుకుంది. “పరాయోడి సేతికి బంగారం ఎలగిత్తాను? నానే అట్టుకెల్తాను. బీరువా ఇరగ్గొట్టినోడివి నువ్వు, కాపలా కూడా నువ్వే కాయి. గిన్నెలో పులిహోర ఉంది, తిను.”

నగలు పోతే పోయాయి, ఇల్లంతా తన చేతికి అప్పజెప్పి వెళ్ళింది పిచ్చితల్లి! వాసు ముందు పులిహోర గిన్నె ఊడ్చేశాడు. టీవీ గోడ మీంచి దించి దుప్పట్లో చుట్టాడు. వెండి గ్లాసులు జేబుల్లో కుక్కాడు. ఈల వేసుకుంటూ మిక్సీ మీద చెయ్యి వేశాడో లేదో, బయట డప్పులు మోగాయి.

గుమ్మంలో యోహాన్. ఛాతీ మీద పతకం తళతళలాడుతోంది. వెనక సందు సందంతా నిలబడి ఉంది.

వాసు తడుముకోలేదు. నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. జేబుల్లో గ్లాసులు గణగణమన్నాయి.

“సార్! మీ అక్కగారు నగలు తెచ్చేరా? ఆవిడే నన్ను ఇంటికి కాపలా ఎట్టి ఎల్లేరు.”

యోహాన్ విరిగిన బీరువాని చూశాడు, దుప్పట్లో టీవీని చూశాడు, చల్లగా వచ్చి వాసు భుజం మీద చెయ్యి వేశాడు.

“నాకు అక్కా లేదు, సెల్లీ లేదు బాబూ. ఫ్లెక్సీ సదివినోడివి నువ్వొక్కడివే అనుకున్నావేటి?”