పలకని పేరు

బయట మిరప కోతలకెళ్లే ఆటో హారన్ కొడుతూనే ఉంది. అంజమ్మ కూతురి రెక్క పుచ్చుకుని తరగతి గుమ్మంలో నిలబడింది.

"దీని పేరు కొట్టేయండి టీచరుగారూ. చెవిటిదని పిల్లలంతా నవ్వుతున్నారంట. నాతోపాటు కాయలు కోసుకుంటది."

క్రిస్టీనా టీచర్ గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "అందరికన్నా ఆలస్యంగా చేరిన పిల్ల. కొంచెం ఓపిక పట్టండి. కానీ, కోటమ్మా అని ఎన్నిసార్లు పిలిచినా పలకదండి. నాకూ అనుమానమే."

అంజమ్మ చప్పున తల దించుకుంది.

"చెవుడు కాదండి. అది మా అత్తగారి పేరు. నా నోటితో ఎట్టా పిలుస్తాను? వాళ్ల నాన్న అమ్మా అంటాడు, నేను బుజ్జీ అంటా. ఆ పేరు తనదని దానికి తెలీదు."

టీచర్ ఊపిరి పీల్చుకుంది. "అంతేనా? నేనూ బుజ్జీ అనే పిలుస్తాలెండి."

"మీరు పిలిస్తే పలుకుద్ది. రేపు హైస్కూల్లో ఎవరు అట్టా పిలుస్తారు?"

అడిగాక గాని, తానేమడిగిందో అంజమ్మకు తెలియలేదు.

హారన్ మళ్లీ మోగింది. ఆమె పిల్ల చెయ్యి వదిలేసింది. అత్తగారు ఎదురుగా ఉన్నట్టు కొంగు తలమీదికి లాక్కుంది.

"కోటమ్మా," అంది.

పిల్ల బిత్తరపోయి వెనక్కి చూసింది, నాయనమ్మ వచ్చిందేమోనని.

"నిన్నేనే. పోయి కూర్చో."