కొలత జాకెట్టు

"ఈ జాకెట్టు కొలతకే కుట్టమ్మా. నన్ను మాత్రం ముట్టుకోవద్దు," అంటూ గ్లోరీ సంచిలోంచి నాలుగు జాకెట్టు గుడ్డలూ, ఒక పాత జాకెట్టూ తీసి బల్ల మీద పెట్టింది.

టైలర్ అమీనా పాత జాకెట్టు విప్పి చూసింది. గ్లోరీని చూసింది. జాకెట్టు మడిచి వెనక్కి తోసింది.

"ఇది నీ కొలత కాదక్కా."

"నాదే. పోయిన క్రిస్మస్‌కి కుట్టించుకునింది."

"అప్పటి మనిషిది. నాకు ఇప్పుడు నా ముందర నిలబడిన మనిషి కొలత కావాల."

గ్లోరీకి ఒళ్లు మండింది. పుంగనూరులో టైలర్లు లేక ఆమె మదనపల్లె బస్సెక్కలేదు. అక్కడైతే ప్రతి కుట్టు మిషను వెనకాలా తెలిసిన ముఖమే. పాత జాకెట్టు కొలతకిస్తే మనిషిని ఎవరూ తడమరు, ఆడవాళ్లందరూ చేసేదే కదా అనుకుని వచ్చింది. ఈమెకేమో మనిషే కావాలట.

అద్దం ముందు బయ్యమ్మ అనే మరో ఆవిడ కొత్త జాకెట్టు వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. బాగా ఒళ్లున్న మనిషి. తన నడుము తనకే కొత్తగా కనబడి మురిసిపోతోంది.

"ఆయమ్మ చెప్పినట్టు వినుకో తల్లీ," అంది గ్లోరీతో. "అడ్డగీతల గుడ్డ తెస్తే నన్ను తిట్టి పంపించింది. నిలువు గీతలది తెప్పించి, చేతులు మోచేతి దాకా పెట్టింది. ఇప్పుడు సూడు, పది కేజీలు యాడికి పోయినాయో. కుప్పం నుంచి కూడా వస్తారు ఈమె కాడికి."

లావువాళ్లకు నిలువు గీతలు, పొట్టివాళ్లకు సన్న అంచు చీరలు. బాగానే ఉంది. సగం పోయినవాళ్లకు ఏం కుడుతుందట, అనుకుంది గ్లోరీ.

బయ్యమ్మ వెళ్లాక అమీనా వాకిలి తెర లాగింది.

"ఏం పని చేస్తావక్కా?"

"టీచర్ని. మూడో తరగతి."

"బోర్డు మీద రాసేటప్పుడు లోపల పెట్టుకున్న గుడ్డ పైకి జరుగుతాండాదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గ్లోరీ చెయ్యి కుడి భుజం మీదికి పోయింది. ఇక దాచడానికి ఏముంది? స్టూలు మీద కూలబడింది.

"ఆపరేషనై ఐదు నెలలైంది. కుడి రొమ్ము తీసేసినారు. ప్రాణం మిగిలింది, దేవునికి స్తోత్రం. చేతిరుమాలు మడిచి పెట్టుకుంటాండా. చెయ్యెత్తితే అది మెడ కాడికొస్తాది. మొన్న ఒక పిల్ల లేచి, 'టీచర్, మీ భుజం కాడ ఏదో లేచింది' అనింది. క్లాసంతా నవ్వినారు." గ్లోరీ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. "రాజీనామా. సోమవారం హెడ్‌మాస్టరు చేతిలో పెట్టేస్తా. పందొమ్మిదేళ్లు బోర్డు ముందర నిలబడినాను. ఇంక నా వల్ల కాదు."

"ఉద్యోగం మానేసేదానికి నాలుగు జాకెట్లు యాలక్కా?"

ఆ మాటకు గ్లోరీకి కోపం వచ్చింది.

"నీకేం తెలుస్తాదిలే. చెక్కిన బొమ్మ మాదిరి ఉండావు."

అదీ నిజమే. అమీనా వేసుకున్న చుడీదారులో ఎక్కడా ఒక్క ముడత లేదు. ఆమె మెడలోంచి టేపు తీసింది.

ఈసారి గ్లోరీ వద్దనలేదు. కొలిచే చేతులు తేలిగ్గా, ఏ తొందరా లేకుండా కదిలాయి. పుస్తకంలో అమీనా ఎడమ పక్కకు ఒక కొలత, కుడి పక్కకు ఒక కొలత రాసుకుంది.

"కుడి పక్క లోపల జేబు కుడతా. అందులోకి చిన్న మెత్త. దూదొక్కటే అయితే తేలిపోతాది, నడిమధ్యన పూసలు పోస్తా. బరువుంటే యాడికీ పోదు. మెడ కొంచెం మూస్తా. పైట కుచ్చిళ్లు వెడల్పుగా పెట్టుకో. నమూనా గీసేదానికి కాగితమేదన్నా ఇయ్యి."

గ్లోరీ చేతిలో ఒకటే కాగితం ఉంది. ఒక్క క్షణం ఆగి, అదే ఇచ్చేసింది. అమీనా దాన్ని తిరగేసి, గుండ్రంగా గీసి, కత్తెర వేసింది. హెడ్‌మాస్టరు గారి పేరు రెండు ముక్కలైంది.

గంటన్నరలో ఒక జాకెట్టు తయారైంది. గ్లోరీ వేసుకుని అద్దం ముందుకు వచ్చి, ఎడమ పక్కకొకసారి, కుడి పక్కకొకసారి తిరిగి చూసుకుంది. అమీనా గుడ్డ మీద గీసుకునే సుద్ద ఆమె చేతికిచ్చింది.

"ఆ గోడ మీద రాయక్కా."

అలవాటు కొద్దీ గ్లోరీ గోడ పైమూలన తేదీ వేసింది. దాని కింద మూడో తరగతి అని రాసింది. మునివేళ్ల మీద లేచి ఇంకా పైన ఒక గీత గీసింది. భుజం తడిమి చూసుకుంది. ఏదీ జరగలేదు. ఉన్నది ఉన్నచోటే ఉంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ సుద్దతో గోడంతా నింపేయాలనిపించింది.

"సోమవారం ఇదే వేసుకొని పోతా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇంకో మెత్త ఇంట్లో నేనే కుట్టుకుంటాలే అమీనా. పూసలు యాల దండగ? డబ్బా నిండా రాగులుండాయి, గుప్పెడు పోసుకుంటా."

అమీనా పంటికింది దారం తీసి, మొదటిసారి నవ్వింది.

"రాగులు వద్దక్కా. ఎండాకాలం చెమటకి మొలకలొస్తాయి. మొదటేడు నాకు వచ్చినాయి."