పగటి మంచం

"లే అమ్మాయ్, ఆరయింది. ఇక మంచం నాది," అంది గుడ్లగూబ.

ఇస్త్రీ అమ్మాయి లేవలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడకేసి తిరిగింది.

గుడ్లగూబ అన్నది ఈ అమ్మాయి పెట్టిన పేరే. ఆస్పత్రిలో నేల తుడిచే పని, రాత్రి డ్యూటీ అని వినగానే మనసులో పెట్టేసుకుంది. మొహం మీద మాత్రం అక్కా అనే పిలుస్తుంది. ఈ అమ్మాయిది పగలంతా లాండ్రీలో ఇస్త్రీ. సాయంత్రం నుంచి పొద్దున ఆరు దాకా మంచం ఈమెది, ఆ తర్వాత ఆవిడది. ఆ గదిలో మంచాలు ఎనిమిది, ఆడవాళ్ళు పదహారుమంది. పరాయి దేశంలో కాగితాలు లేని మనిషికి సగం మంచం దొరకడమే మహాభాగ్యం.

"నీతోనే. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"లేవలేనక్కా. ఒళ్ళు పేలిపోతోంది. నిన్న డాక్టరమ్మకి చూపించుకున్నా. నెమ్ము చేసిందట. అయిదు రోజులు మంచం దిగొద్దంది."

"ఏ మంచం?"

"నేనూ అదే అడిగా. ఆవిడకి అర్థం కాలేదు."

గుడ్లగూబ మంచం అంచున కూలబడి చెప్పులు విప్పింది. పాదాలు పొంగి ఉన్నాయి. చెప్పుల పట్టీలు దిగిన చోట ఎర్రగా చారలు పడ్డాయి.

"చూడమ్మాయ్, నేనూ మనిషినే. రాత్రంతా నడుం వాల్చలేదు. లాండ్రీకి పోయి ఆ బట్టల మూటల వెనకే ఎక్కడో ఒరుగు."

"దగ్గు వినబడిందంటే సూపర్‌వైజర్ గేటు బయటికి గెంటేస్తాడు. జబ్బంటే సెలవు కాదు, ఏకంగా పనే పోతుంది. అందుకే అమ్మమ్మ పోయిందని చెప్పి అయిదు రోజులు అడుక్కున్నా."

"ఎన్నో అమ్మమ్మ?"

"మూడో ఆవిడ."

గుడ్లగూబ పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలి ఆగిపోయింది. చుట్టూ మిగతా మంచాల మీద పగటివాళ్ళు లేస్తున్నారు, రాత్రివాళ్ళు ఒరుగుతున్నారు. లేచినవాళ్ళ వెచ్చదనం ఆరకముందే వచ్చినవాళ్ళు అందులో ముడుచుకుంటున్నారు. ఈ గొడవ వినే ఓపిక ఎవరికీ లేదు.

"ముదిరితే ఆస్పత్రిలో చేరాలంది," అని గొంతు తగ్గించింది ఇస్త్రీ అమ్మాయి. "నన్నెవరు చేర్చుకుంటారక్కా? కాగితాలేవి అంటారు ముందు. ఈ మంచం తప్ప నాకు ఇంకో మంచం లేదు. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

 కోపం వస్తే బాగుండును, అదీ రావడం లేదు గుడ్లగూబకి. కళ్ళు మూతలు పడుతున్నాయి. కూర్చున్నచోటే ఒక కునుకు తీసి ఉలిక్కిపడి లేచింది.

అంతలో తలుపు దగ్గర తాళంచెవుల చప్పుడైంది. గదులు అద్దెకిచ్చే పెద్దమ్మ వచ్చి నిలబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"ఏంటి పంచాయితీ? ఆరు దాటింది, ఇది ఇంకా లేవలేదేం? జబ్బా? జబ్బయితే ఇప్పుడే చెప్పండి. ఒకరి దగ్గు పదహారుమందికీ అంటుకుంటుంది. అలాంటివాళ్ళని నేను గదిలో ఉంచను, సంచీ సర్దుకోమను."

ఇస్త్రీ అమ్మాయి వచ్చే దగ్గుని దుప్పటి అంచు కొరికి ఆపుకుంది. ఇక గుడ్లగూబ ఒక్క మాటంటే చాలు, ఆవిడ మంచం ఆవిడకొస్తుంది, తను వీధిలో పడుతుంది.

"జబ్బూ లేదు గిబ్బూ లేదు," అంది గుడ్లగూబ తాపీగా. "నెలసరి నొప్పి. మెలికలు తిరుగుతోంది. రెండ్రోజులు ఇద్దరం సర్దుకుంటాంలే."

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలీదూ? మంచానికి ఒక్కరే అని మొదటే చెప్పా."

"కత్తులెక్కడివి పెద్దమ్మా, చీపురుపుల్లలం. ఇద్దర్నీ కలిపి తూచినా నీ అంత ఉండం."

పక్క మంచంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ మొహం ముడుచుకుంది.

"మంచం పట్టీ విరిగిందో, మీదే పూచీ," అనేసి తాళంచెవులు ఆడించుకుంటూ వెళ్ళిపోయింది.

గుడ్లగూబ కొంగు విదిలించుకుని అంది, "జరుగు."

ఇస్త్రీ అమ్మాయి గోడకి అంటుకుపోయింది. గుడ్లగూబ పక్కన వాలి దుప్పటి సగం లాక్కుంది. ఇన్ని నెలలుగా ఒకే మంచం మీద బతుకుతున్నా, ఇద్దరూ పక్కపక్కన పడుకోవడం ఇదే మొదలు. పక్క మనిషి ఎముకలు తనకి తగులుతున్నాయి. ఈవిడ ఇంత బక్కచిక్కి ఉందా అనుకుంది ఇస్త్రీ అమ్మాయి, ఇన్నాళ్ళూ వాకిట్లో ఎదురుపడి తప్పుకోవడమే గాని సరిగ్గా చూసింది లేదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది.

"నిన్ను ఎన్నిసార్లో తిట్టుకున్నానక్కా. అయిదు నిమిషాలు కూడా ఆగదు, రాక్షసి అనుకునేదాన్ని."

"అనుకుంటే అనుకున్నావులే. పడుకో."

"తల అటుపక్క పెట్టుకో. నా దగ్గు నీకు అంటుకుంటుంది. ఈ దగ్గుకి నీకు నిద్ర కూడా పట్టదు. రాత్రి డ్యూటీలో కునికావంటే, నా మూలాన నీ పని ఊడుతుంది."

గుడ్లగూబ కళ్ళు తెరవలేదు.

"ఈ దగ్గు నీకొచ్చిందే నేను పడుకున్న తలగడలోంచి," అంది. "దగ్గుతున్నానని ఆస్పత్రివాళ్ళు నన్ను తీసేసి నెలయిందమ్మాయ్. నువ్వెప్పుడు లేచి పనికిపోతావా అని, రాత్రంతా బస్టాండు బెంచీ మీద కూర్చుంటున్నా."