పట్టు వదలని పిడుదు

ఒక పెద్ద చెరువు చుట్టూ జంతువులు ఏటా పరుగు పందెం పెట్టుకునేవి. ఆ చెరువులో కలువలు బాగా పూసేవి, అది వేరే సంగతి. కిందటేడు సగం దూరంలోనే కూలబడిన మేక, ఈసారైనా చివరిదాకా పరుగెత్తాలని, అప్పుడు గెలిచిన కుక్కను సలహా అడగబోయింది.

కుక్క నోరు తెరిచేలోగా దాని చెవిలో కరుచుకుని కాపురమున్న పిడుదు పురుగు అందుకుంది. "చివర్లో నాకు కాళ్ళు పట్టేశాయి పిన్నీ. అయినా పట్టు వదల్లేదు."

"ఎండ దెబ్బ తగల్లేదా నాయనా?"

"నాకు దారంతా నీడే."

"మరి దాహం?"

"తాగుతూనే పరుగెత్తాను."

ఇంత అనుభవం కుక్క దగ్గర కూడా లేదనుకుని, మేక ఆ పిడుదును తన చెవిలోకి పిలిచింది. కుక్క ఆ రోజు హాయిగా నిద్రపోయింది. ఆ ఏడు పందేనికి పేరే ఇవ్వలేదు.

పందెంలో మేక చెవి దురద భరించలేక ఎక్కడా ఆగకుండా పరుగెత్తి, అందరికన్నా ముందు గీత దాటింది. దాటాక కూడా ఆగలేకపోయింది. దండ పట్టుకు నిలబడ్డ బాతు చూస్తుండగానే రెండో చుట్టులో పడింది.

"ఆగకు పిన్నీ," అంది పిడుదు, "నాకింకా ఓపికుంది."