సార్ వెనకాల

వరండా ఆ చివర కిర్రుచెప్పుల చప్పుడు వినపడగానే కామాక్షి నోరు పిడచగట్టుకుపోయింది.

నెల్లూరులోని ఆ కాలేజీలో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి పోకూడదు. లేడీస్ రూంలో కూర్చోవాలి. లెక్చరర్ వచ్చి గుమ్మం దగ్గర ఒక దగ్గు దగ్గుతాడు. అప్పుడు లేచి, తలలు వంచుకుని, ఆయన వెనకాల వరసగా నడవాలి. పాఠం అయ్యాక మళ్ళీ ఆయన వెనకాలే తిరిగి రావాలి. ఇదంతా ఆడపిల్లల క్షేమం కోసమేనట. ముందు నడిచే మనిషి సంగతి ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు చెప్పే పద్మనాభయ్య సార్‌కు పాఠం మధ్యలో ఆడపిల్లల మీద ఒక విసురు విసరందే తోచదు.

"వీళ్ళకేం నాయనా, పెళ్లి కుదిరేదాకా కాలక్షేపం," అంటాడు మగపిల్లల వైపు చూసి. బెంచీలన్నీ ఘొల్లుమంటాయి. ఆడపిల్లలు తలలు దించుకుంటారు. కామాక్షి అందరికన్నా ఎక్కువ దించుకుంటుంది.

మొన్న మాత్రం శ్రుతి మించింది. విడవలూరు అవతల సముద్రం ఒడ్డు పాళెం నుంచి వచ్చిన చెంచమ్మను లేపి పద్యం చదవమన్నాడు. ఆ పిల్లకు గొంతు పెగల్లేదు.

"ఏమ్మా, గొంతు యాడ పోయింది? మీ అమ్మ చేపలగంప నెత్తిన బెట్టుకోని వీధుల్లో ఎట్లా అరుస్తుందో అట్లా అరువు. మగోళ్ళ ముందర అరవడం మీకు అలవాటేగా!"

క్లాసంతా ఈలలు. చెంచమ్మ ఆ పూటే హాస్టల్లో పెట్టె సర్దుకుంది. రేపు తొలి బస్సుకు అన్న మాల్యాద్రి వచ్చి తీసుకుపోతాడు. ఆ పాళెంలో కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల చదువు అంతటితో సరి.

ఎవరో ఒకరు ఆయన్ను నిలదీయాలి. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"నువ్వే మే, కామాక్షీ," అన్నారు మిగతా పిల్లలు ఒక్క నోటితో. "మేం నోరు తెరిస్తే సగంలోనే తరిమేస్తాడు. నువ్వయితే నిలబడి వింటాడు."

"నాకు బయం మే," అంది కామాక్షి.

దాపరికం ఏముంది, నిజంగానే భయం. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. అమ్మ రాఘవమ్మకు ఒక్క ముక్క చెప్పకుండా వచ్చింది.

గుమ్మం దగ్గర దగ్గు వినపడింది. ఆ దగ్గు ఎప్పుడు మామూలుదో, ఎప్పుడు కోపందో ఆమెకు బాగా తెలుసు. ఇది మామూలుదే. ఇంకాసేపట్లో మారుతుంది.

పద్మనాభయ్య సార్ దగ్గి ముందుకు నడిచాడు. నాలుగడుగులు వేశాక వెనకాల గాజుల చప్పుడు లేదని తెలిసింది. తిరిగొచ్చాడు.

"ఏమ్మా, ఎవురికీ వినపడలా?"

కామాక్షి గోడ పట్టుకుని లేచింది. ఆయన కోటు పైగుండీ దారం వదిలి వేలాడుతోంది. అంత భయంలోనూ ఆమె చూపు పోయి దాని మీదే పడింది.

"మేం రాము సార్."

"ఏందీ?"

"చెంచమ్మను మీరే పోయి పిలవాల సార్. తప్పయిందని చెప్పాల. అప్పటిదాకా మీ వెనకాల మేమెవ్వరం రాం."

ఆయన మొహం జేవురించింది. దగ్గు మారింది.

"ఎవురితో మాట్లాడతా ఉండావో తెలుసునా నీకు?"

"తెలుసు సార్. తెలిసే అడగతా ఉండా."

ఆయన గిర్రున తిరిగి ఒక్కడే క్లాసుకు పోయాడు. వెనకాల ఎవరూ లేకుండా నడిచే లెక్చరర్‌ను ఆ కాలేజీ అదే మొదటిసారి చూడడం.

పిల్లలంతా వచ్చి కామాక్షిని చుట్టుకున్నారు. ఆమె మటుకు బెంచీ మీద కూలబడింది. కాలేజీలోంచి తీసేస్తే తీసేస్తారు, అది కాదు ఆమె భయం. ఈ సంగతి ఇంటికి చేరుతుంది. ఎవరూ మోసుకుపోనక్కర్లేదు, దానంతటదే నడుచుకుంటూ చేరుతుంది.

సాయంత్రం గంట కొట్టాక అందరూ పోయారు. కామాక్షి పెన్న గట్టు మీదుగా చుట్టు తిరిగి నడిచింది. చదువు మాన్పిస్తారు. ఎవడో ఒకడికిచ్చి పెళ్లి చేసి పంపేస్తారు. నోరున్న ఆడపిల్లను ఇంకేం చేస్తారు? ఎంతసేపని తిరుగుతుంది, చీకటి పడితే అదింకో తప్పు. చివరికి ఇంటి సందులోకి మళ్ళింది.

గుమ్మం మెట్టు పక్కన కిర్రుచెప్పులు కనిపించాయి.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వసారాలో కుర్చీలో పద్మనాభయ్య సార్ కూర్చుని ఉన్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అమ్మకు అంతా చెప్పేసే ఉంటాడు.

కామాక్షి గడప ఇవతలే ఆగిపోయింది. ఆయన ఆమె మొహం చూడలేదు. చేతిలోని అన్నం డబ్బా బరువుగా వేలాడడం చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక దగ్గు దగ్గాడు. ఆ దగ్గు ఏమిటో ఆమెకు మొదటిసారి అర్థం కాలేదు.

"రాఘవమ్మా, మన బిడ్డకు ముందు రెండు ముద్దలు పెట్టు," అని ఆయన లోపలికి కేకేశాడు, "తిన్నాక అది ముందర నడిస్తే, నేను వెనకాల ఆ చెంచమ్మ హాస్టలుకు పోయి రావాల."