కుడి పేజీ

మాట మధ్యలో పెద్దావిడ లేచి వెళ్ళిపోయింది.

బెంచీ మీద కళ్ళజోళ్ళ దుకాణం అమ్మాయి ఒక్కతే మిగిలింది.

మనసు డాక్టరు గది బయట ఆరు వారాలుగా, ప్రతి మంగళవారం, వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుంటున్నారు.

అమ్మాయిది బోర్డర్‌లైన్ జబ్బని డాక్టరమ్మ చెప్పింది. "నీకు మనుషులు రెండే రకాలు. అయితే దేవత, కాకపోతే దయ్యం" అని ఒక నోటుబుక్కు ఇచ్చింది.

కళ్ళతో చూసింది ఎడమ పేజీలో, మనసు చెప్పింది కుడి పేజీలో రాయాలి.

ఊరందరికీ చూపు సరిచేసే పిల్లకి తన చూపు తనకి చిక్కేది కాదు. పెద్దావిడే రాయించేది.

"మీ ఓనరు పలకరించలేదు, సరే. నువ్వంటే ఆయనకి అసహ్యం అన్నావే, అది చూశావా, అనుకున్నావా?"

"అనుకున్నాను పిన్నీ."

"మరి ఎడమ పేజీలో దానికేం పని? కొట్టెయ్."

పిన్ని దేవత అయిపోయింది. అందుకే ఇవాళ ఎవరికీ చెప్పనిది చెప్పింది. "ఒక్కోసారి చచ్చిపోదామనిపిస్తుంది పిన్నీ."

ఆవిడ లేచి వెళ్ళింది అప్పుడే.

పావుగంటకి మొహం కడుక్కుని తిరిగొచ్చింది. "ఇప్పుడు చెప్పు తల్లీ, వింటాను."

"అక్కర్లేదు. నా గోల భరించలేక పారిపోయారుగా."

"అది కాదమ్మా..."

"మీరూ అందరిలాంటివాళ్ళే."

అమ్మాయి తన రోజు శుక్రవారానికి మార్చుకుంది. శుక్రవారం బెంచీ మీద ఎవరూ ఉండరు. ఇంట్లోనూ అంతే, తాళం తీస్తే ఎలా వదిలి వెళ్ళిన గది అలాగే ఉంటుంది. పంతం మాత్రం రెండు నెలలు నిలబడింది.

ఒక ఆదివారం, మాట్లాడే మనిషి లేక నోటుబుక్కు తెరిచింది. ఎడమ పేజీలో రాసింది: లేచి వెళ్ళింది, తిరిగొచ్చింది.

కుడి పేజీలో: నేనంటే విసుగు.

రెండూ చదివింది. తిరిగొచ్చింది అన్న మాట మళ్ళీ చదివింది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మంగళవారం దుకాణానికి సెలవు పెట్టి పరిగెత్తింది. బెంచీ ఖాళీ.

"పిన్నిగారు రాలేదా?" అని టోకెన్లిచ్చే ఆయన్ని అడిగింది.

"మీకోసం నాలుగు మంగళవారాలు ఎదురుచూశారమ్మా. తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయారు."

"ఫోన్ నంబరివ్వండి. ఆవిడ ఫైల్లో ఉంటుందిగా."

"ఫైలెక్కడిది? ఆవిడ పేషెంటు కాదు. మీరొక్కరే కూర్చుంటున్నారని వచ్చేవారు."

"నాకోసమా? నేనెవర్ని ఆవిడకి?"

ఆయన కాసేపు టోకెన్లు సర్దాడు.

"మీ జబ్బే ఉన్న కూతురు చచ్చిపోతానంటే, ఊరికే బెదిరిస్తోందనుకున్న తల్లి ఆవిడ."