హా అమ్మా

“జానీ బాషా ఒక్కడికే వారం వారం నలభై నిమిషాలా, ఉమామహేశ్వరి గారూ?” శ్రీసుధ కాగితం ముందుకు తోసింది. “మిగతా వాలంటీర్లు పది నిమిషాల్లో ఖలాస్ చేస్తున్నారు. పైగా ఇతని షుగర్ గడి మూడు నెలల నుంచీ ఖాళీ!”

దుబాయ్ కరామాలోని ఆ ఫ్లాటు నుంచి ఆదివారాల్లో తెలుగు వాలంటీర్లు లేబర్ క్యాంపుల్లోని షుగర్ పేషెంట్లకు ఫోన్లు చేస్తారు. ఏం తింటున్నారో అడిగి, ఏం తినాలో చెబుతారు. వాళ్ళ పని ఎలా సాగుతోందో చూసే బాధ్యత శ్రీసుధది.

“తిండి గురించేనమ్మా మాట్లాడేది,” అంది ఉమామహేశ్వరి. అరవై దాటిన ఆవిడ, అక్కడున్న వాళ్ళందరికంటే పెద్ద.

“అయితే ఇవాళ నా ముందే స్పీకర్లో పెట్టి చేయండి. ఇలాగే ఉంటే మీ పేరు తీసేయక తప్పదు.”

ఉమామహేశ్వరి నంబరు నొక్కింది. “ఏం తిన్నావు బాబూ?”

“హా అమ్మా,” అంది అవతలి గొంతు.

“అన్నం తగ్గించు నాయనా. చిన్నప్పుడు మా పార్వతీపురంలో పొద్దున్నే చోడి అంబలే, అదే రాగి జావ. మా అమ్మ మజ్జిగ కలిపి, ఉల్లిపాయ చితక్కొట్టి వేసేది. నేనూ మా చెల్లీ తాగేసి, ఎవరికి పెద్ద మీసం అంటిందో చూసుకుని పడీపడీ నవ్వేవాళ్ళం...”

“హా అమ్మా.”

శ్రీసుధ టైము చూడటం మర్చిపోయింది. బొబ్బిలిలో నాయనమ్మ వంటింటి పొగ, అంబలి పులుపు, రెండో గ్లాసు కోసం తమ్ముడితో పడ్డ పేచీ. తేరుకునేసరికి అరగంట దాటింది. చప్పున ఫోను అందుకుంది.

“బాషా గారూ, ఈ వారం షుగర్ ఎంతుంది?”

మళ్ళీ అడిగింది.

“మేడం... తెలుగు నహీ ఆతీ.”

తర్వాత హిందీలో, తడబడుతూ చెప్పాడు. జానీ బాషా మూడు నెలల కిందటే ఊరెళ్ళిపోయాడు. పోతూ ఫోను తనకిచ్చాడు. తనది పెషావర్, పేరు షాహబాజ్. షుగర్ జబ్బే లేదు.

“మా అమ్మా ఇలాగే గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది, మేడం. పోయి రెండేళ్ళయింది. ఈ ఫోను మాత్రం ఆపకండి.”

ఉమామహేశ్వరికి హిందీ రాదు. ఆవిడ ముఖంలోకి చూడటం శ్రీసుధకు కష్టమైంది.

“పిన్నిగారూ, ఎలా చెప్పాలో తెలియట్లేదు. అతను జానీ బాషా కాదు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు.”

“తెలుసమ్మా,” అంది ఉమామహేశ్వరి, ఫోను ఒళ్ళోకి తీసుకుంటూ. “తెలుగొచ్చినవాళ్ళు రెండో నిమిషానికే పెట్టేస్తున్నారు.”